వచ్చినవాళ్లకు దారి చెప్పే పుస్తకం

(ముందుమాట)

2014 చివర్లో రాజధాని కబురు మా ఊళ్లకు చేరిన నాటి నుంచి తుళ్లూరు చుట్టుపక్కల నేల గురించి రాయనివారు లేరు. భూసమీకరణ మీద రాశారు, నగరం బొమ్మల మీద రాశారు, ఉద్యమం మీద రాశారు, కోర్టు తీర్పుల మీద రాశారు. అవన్నీ రాయవలసినవే. అయితే మందస నుంచో మడకశిర నుంచో రాత్రంతా ప్రయాణం చేసి, చంకన కాగితాల సంచి పెట్టుకుని తుళ్లూరు సెంటర్లో బస్సు దిగిన మనిషి ఆ తర్వాత ఎటు పోవాలి, ఏ ఆటో ఎక్కాలి, మంచినీళ్లు ఎక్కడ తాగాలి, పని కాకపోతే రాత్రికి ఎక్కడ తల దాచుకోవాలి అన్నది చెప్పిన పుస్తకం నా కంటబడలేదు. ఇప్పుడు నా చేతిలో ఉన్న ఈ చిన్న పుస్తకం ఆ పని చేసింది. దీనికి నాలుగు మాటలు రాయమని రచయిత్రి అడిగితే, చదివిన మర్నాడే కాగితం ముందు కూర్చున్నాను.

రచయిత్రి మా పక్క ఊరి పిల్ల. వాళ్లమ్మ తుళ్లూరు సెంటర్లో ఇడ్లీ బండి నడిపేది. బడి వదలగానే ఆ పిల్ల బండి దగ్గరికి వచ్చి ప్లేట్లు అందిస్తూ, వచ్చేపోయేవాళ్లు అడిగే ప్రశ్నలు వింటూ పెరిగింది. ఇడ్లీ తింటూ మనిషి అడిగేది చట్నీ ఒక్కటే కాదు గదా. సెక్రటేరియట్‌కు ఆటో ఎంత తీసుకుంటాడు, జిరాక్స్ ఎక్కడ తీస్తారు, ఆడవాళ్లకు బాత్రూమ్ ఎక్కడుంది, గుంటూరుకు ఆఖరి బస్సు ఎప్పుడు అని అడుగుతాడు. ఆ ప్రశ్నలన్నీ నోటుబుక్కులో రాసిపెట్టుకుంది. పుస్తకానికి పునాది ఆ నోటుబుక్కే. “మాస్టారూ, జనం అడిగినవాటికే జవాబు రాశాను, నేనుగా ఒక్క ప్రశ్న కూడా పుట్టించలేదు” అంది నాతో. చదువుతుంటే ఆ మాట ఎంత నిజమో తెలుస్తూనే ఉంటుంది. ప్రముఖుల సందేశాలు లేవు, స్థలపురాణం లేదు. మొదటి పుటే ‘మీరు వెళ్లాల్సింది ఏ అమరావతికి?’ అన్న ప్రశ్నతో మొదలవుతుంది.

తెలియనివాళ్లకు ఇది వింత ప్రశ్నలా కనిపించవచ్చు. మాకు మాత్రం నిత్యం కళ్లెదుట జరిగే కష్టం. అమరేశ్వరస్వామి గుడి, స్తూపం ఉన్న పాత అమరావతి ఊరు ఒకటి. మందడం, వెలగపూడి, నేలపాడు, రాయపూడి, తుళ్లూరు లాంటి ఊళ్ల మీద పరుచుకుని కడుతున్న రాజధాని అమరావతి మరొకటి. రెంటికీ మధ్య దాదాపు ఇరవై కిలోమీటర్ల దూరం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక పాత అమరావతి మండలం పల్నాడు జిల్లాలోకి పోయింది, తుళ్లూరు మండలం గుంటూరు జిల్లాలోనే మిగిలింది. అంటే కలెక్టరు దగ్గర పనిబడితే ఒకరు నరసరావుపేట పోవాలి, ఇంకొకరు గుంటూరు పోవాలి. విజయవాడ బస్టాండులో ‘అమరావతి’ బోర్డు చూసి ఎక్కినవాడికి ఇదంతా ఎవరు చెబుతారు?

పుస్తకంలో ఒక ముసలి దంపతుల సంగతి ఉంది. కొడుకు కేసు మీద హైకోర్టుకు బయల్దేరారు. వకీలు పదిన్నరకల్లా ఉండమన్నాడు. అమరావతి బస్సు ఎక్కి, దారిలో తుళ్లూరు వచ్చినా దిగకుండా, ఆఖరి స్టాపు దాకా పోయి గుడి వీధిలో దిగారు. కొబ్బరికాయల కొట్టు దగ్గర పెద్దాయన అడిగాడట, “బాబూ, హైకోర్టు ఎటు?” అని. “హైకోర్టు ఇక్కడెక్కడుంది పెద్దాయనా, నేలపాడులో గదా! మీరు దాటొచ్చేశారు. మళ్లీ తుళ్లూరు మీదుగా పోయే బస్సెక్కండి” అన్నాడు కొట్టతను. అప్పటికి పదింబావు. రచయిత్రి ఈ సంగతిని నాలుగే వాక్యాల్లో చెప్పి, ఆ వెంటనే చేయవలసిన పని రాసింది. విజయవాడలోగానీ గుంటూరులోగానీ వట్టి అమరావతి అని అడగవద్దు. సచివాలయానికైతే వెలగపూడి అనండి. హైకోర్టుకైతే నేలపాడు అనండి. ప్లాటు కాగితాల పనైతే రాయపూడి సీఆర్డీఏ ఆఫీసు అనండి. గుడికీ స్తూపానికీ అయితే అమరేశ్వరుడి గుడి అనండి. ఈ నాలుగు మాటలు పెద్ద అక్షరాల్లో అచ్చువేసి బస్టాండుల్లో అంటించినా తప్పులేదంటాను.

పుస్తకంలో నాకు అన్నింటికంటే నచ్చింది రోడ్ల పట్టిక. రాజధాని నమూనాలో తూర్పు పడమరలుగా పోయే రోడ్లకు ఈ అనే అక్షరం, ఉత్తర దక్షిణాలుగా పోయే రోడ్లకు ఎన్ అనే అక్షరం పెట్టి వరసగా అంకెలు ఇచ్చారు. సీడ్ యాక్సెస్ రోడ్డు అంటున్నది ఈ-3. ఇంజనీర్లకు, కంట్రాక్టర్లకు ఈ లెక్క సులువు. మా ఊళ్లవాళ్లకు మాత్రం ఇప్పటికీ కరకట్ట, ఊరి డొంక, చెరువు కట్ట, బొడ్రాయి, ఫలానా వారి మిరప తోట ఉన్న మలుపు, ఇవే గుర్తులు. తోట పోయి ఏళ్లవుతున్నా ఆ మలుపు పేరు పోలేదు. ఊళ్లో పెద్దామెను పట్టుకుని ఎన్-9 ఎటమ్మా అంటే ఆమె ఏం చెబుతుంది? అలాగే గూగుల్ మ్యాపు పట్టుకుని వచ్చిన కుర్రాడికి పాత డొంక దగ్గర కుడికి తిరుగు అంటే వాడికేం తెలుస్తుంది? రచయిత్రి రెంటినీ పక్కపక్కనే పెట్టింది. ఎడమ వరసలో రోడ్డు నంబరు, కుడి వరసలో ఊరివాళ్లు చెప్పుకునే గుర్తు. ఉదాహరణకు 2025 అక్టోబరులో మొదలైన సీఆర్డీఏ కొత్త భవనం ఈ-3, ఎన్-11 రోడ్లు కలిసే చోట ఉంది. అడిగితే ఊరివాళ్లు మాత్రం రాయపూడి దగ్గర అంటారు. రెండూ అచ్చులో కనిపిస్తే అడిగినవాడికీ చెప్పినవాడికీ మధ్య ఇబ్బంది ఉండదు.

ఈ పట్టికతో పరాయి ఊళ్లవాళ్లకు ఎంత మేలో, మావాళ్లకూ అంతే మేలు. భూములిచ్చిన రైతుల పిల్లల్లో చాలామంది హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో స్థిరపడ్డారు. తండ్రి పోయాక ప్లాటు కాగితం పట్టుకుని వచ్చిన కొడుకు, తాను పుట్టిన ఊరి పొలిమేరలోనే తన ప్లాటు ఎక్కడుందో కనుక్కోలేక నిలబడిపోవడం నేను చూశాను. తాత దున్నిన చేను ఒకచోట ఉంటే లాటరీలో వచ్చిన ప్లాటు వేరేచోట ఉంటుంది. పనులు ఆగిపోయిన ఏళ్లలో హద్దు రాళ్ల మీదుగా సర్కారు తుమ్మ అడవిలా పెరిగింది. 2024లో ఆ కంప కొట్టించాక గానీ కొన్నిచోట్ల రోడ్డు ఉన్న సంగతి కూడా బయటపడలేదు. అలాంటివాళ్ల కోసం ప్లాటు నంబరు నుంచి రోడ్డుకు, రోడ్డు నుంచి ఊరికి ఎలా రావాలో ఓపిగ్గా రాసిన పుటలు ఇందులో ఉన్నాయి. ఇంత చిన్న వయసులో ఆ పిల్లకు అంత ఓర్పు ఎక్కణ్నుంచి వచ్చిందో!

ఇక రాకపోకల సంగతి. తుళ్లూరుకు ఇప్పటికీ రైలు లేదు. విజయవాడలోనో గుంటూరులోనో మంగళగిరిలోనో దిగి బస్సో ఆటోనో పట్టుకోవాలి. విమానంలో వచ్చేవాళ్లు గన్నవరంలో దిగాలి. విజయవాడ నుంచి ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి, పెనుమాక, కృష్ణాయపాలెం, మందడం మీదుగా వచ్చే దారి అందరికీ తెలిసిందే. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ బ్యారేజీ మీద బళ్లు చీమల బారులా కదులుతాయి గనుక రైలు అందుకోవలసినవాళ్లు ఆ గంటకు దూరంగా ఉండమని రచయిత్రి రాసింది. అసెంబ్లీ జరిగే రోజుల్లో కరకట్ట దారిన వెళ్లవద్దని కూడా రాసింది. రెండూ అనుభవం మీద చెప్పిన మాటలు.

గుంటూరు దారి గురించి రాసిన భాగం ఇంకా బాగుంది. గోరంట్ల, లాం, తాడికొండ అడ్డరోడ్డు, తాడికొండ, పెదపరిమి మీదుగా తుళ్లూరు. మామూలు రోజుల్లో ఈ దారి హాయిగా ఉంటుంది. కానీ ఇది నల్లరేగడి నేల. వాన పడితే రోడ్డు దిగిన బండి చక్రం మళ్లీ పైకి రాదు. లాం దగ్గర కొండవీటి వాగు, పెదపరిమి దగ్గర కోటేళ్ల వాగు పొంగాయంటే గంటలతరబడి, ఒక్కోసారి రోజంతా రాకపోకలు ఆగిపోతాయి. కొండవీటి వాగు నీళ్లను కృష్ణలోకి తోడిపోయడానికి 2018లో ఉండవల్లి దగ్గర ఎత్తిపోతల పథకం పెట్టిన మాట నిజమే. అయినా పైన కొండల్లో కురిసిన వాన లాం దగ్గర రోడ్డెక్కకుండా అది ఆపలేదు. గట్టి వాన పడ్డ మర్నాడు గుంటూరులో బస్సెక్కేముందు పెదపరిమి వాగు తగ్గిందో లేదో డ్రైవరునే అడగమంటుంది రచయిత్రి. ఏ యాప్‌లోనూ దొరకని సమాచారం అది. అలాగే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకు పోయే లారీలు, ట్రాక్టర్లు ఈ దారంతా నిండి ఉంటాయి. ఆ రోజుల్లో ప్రయాణానికి ఇంకో అరగంట కలుపుకోవాలనీ, ఆస్తమా ఉన్నవాళ్లు కల్లాల పక్కన బండి అద్దాలు దించవద్దనీ రాసిన వాక్యం చదివి, ఈ పిల్ల ఈ నేల పిల్లే అనుకున్నాను.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో టికెట్టుకు డబ్బు కట్టకుండా తిరగగలుగుతున్నారు. దాంతో పింఛను పనికో, ధ్రువపత్రం పనికో ఒంటరిగా వచ్చే పెద్దవయసు ఆడవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన భాగం పుస్తకానికే వన్నె. ఆధార్ కార్డు అసలుది పట్టుకురండి, సచివాలయం లోపలికి పోవడానికీ అది కావాలి. సచివాలయానికి శని, ఆదివారాలు సెలవు గనుక శుక్రవారం సాయంత్రం బయల్దేరవద్దు. హైకోర్టుకు వేసవిలో, సంక్రాంతికి, దసరాకు సెలవులుంటాయి, వకీలును ఫోనులో అడిగాకే రండి. ఇవి చదువుకున్నవాళ్లకు తెలిసిన సంగతులే కావచ్చు. తెలియనివాళ్లకు మాత్రం వీటిలో ప్రతి ఒక్కటీ ఒక రోజు కూలితో సమానం.

ఎండ గురించి రెండు పుటలు రాసింది. కొందరికి అది ఎక్కువనిపించవచ్చు, నాకు అనిపించలేదు. పొలాలు ఉన్న రోజుల్లో దారి పొడుగునా తుమ్మచెట్టో వేపచెట్టో ఉండేది, బోరు దగ్గర నీళ్లుండేవి, ఏ చేనుగట్టున నిలబడినా చుట్టమా పక్కమా అని చూడకుండా చెంబెడు మజ్జిగ ఇచ్చేవాళ్లు. వెడల్పయిన కొత్త రోడ్ల మీద ఆ నీడ లేదు. వేసిన మొక్కలు చెట్లు కావాలి గదా. ఏప్రిల్, మే నెలల్లో నేలపాడు రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం నడవడం ముసలివాళ్లకు ప్రాణం మీదికి తెచ్చే పని. చలివేంద్రాలు ఎక్కడ పెడుతుంటారో, షేర్ ఆటో ఏ మలుపులో ఆగుతుందో, ఏ కొట్టు ముందు పందిరి ఉందో బొమ్మ గీసి మరీ చూపించింది. వడదెబ్బ తగిలితే చేయవలసిన సాయం, 108కు ఫోను చేసినప్పుడు చెప్పవలసిన గుర్తు, పెద్ద ఆస్పత్రి అవసరమైతే మంగళగిరి ఎయిమ్స్‌కు ఏ దారిన పోవాలి, గుంటూరు జనరల్ ఆస్పత్రికి ఏ దారిన పోవాలి అన్నవీ ఉన్నాయి.

నది సంగతి చెప్పకుండా మా ఊళ్ల సంగతి పూర్తికాదు. బ్యారేజీ కట్టాక దాని ఎగువన కృష్ణ చెరువులా నిలిచింది. 1852లో మొదలై 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో గండిపడితే, దాని దగ్గరే కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957 డిసెంబరులో ప్రారంభమైంది. టంగుటూరి ప్రకాశం గారి పేరు పెట్టారు. డెబ్బై గేట్లు, కిలోమీటరు పైచిలుకు పొడవు. ఆ గేట్ల వెనక మూడు టీఎంసీల పైన నీళ్లు నిలుస్తాయి. ఉండవల్లి, వెంకటపాలెం, ఉద్దండరాయునిపాలెం, లింగాయపాలెం, రాయపూడి రేవుల్లో నిలబడి చూస్తే ఎదుటి ఒడ్డు దాకా కదలని నీళ్లే. ఎదుట ఇబ్రహీంపట్నం ఫెర్రీ. బ్యారేజీ చుట్టూ తిరిగిపోవడం దూరమని ఆ ఒడ్డు ఊళ్లకు ఈ ఒడ్డు నుంచి పడవల మీద, పంటు మీద బళ్లతో సహా దాటడం మాకు అలవాటు. పెళ్లిళ్లకూ చావులకూ అలాగే దాటాం.

ఆ అలవాటే ఒక్కోసారి జాగ్రత్తను మరిపిస్తుంది. 2017 నవంబరు 12 సాయంత్రం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం చూడడానికి పడవెక్కినవాళ్లలో ఇరవై మందికి పైగా మునిగిపోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్లు. కార్తీక మాసం, ఆదివారం. ఆ వార్త విన్న రాత్రి మా ఒడ్డున ఎవరికీ అన్నం సయించలేదు. ఈ పుస్తకంలో పడవల అధ్యాయం మొదట్లోనే, లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కవద్దు, ఇచ్చింది తొడుక్కోకుండా చేత పట్టుకుని కూర్చోవద్దు, పరిమితికి మించి మనుషుల్ని ఎక్కిస్తుంటే దిగిపోండి, డబ్బు పోతే పోయింది అని రాసి ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీకి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చి, కొట్టుకొచ్చిన పడవలు గేట్లను గుద్దిన రోజులు మనం మరవలేదు. నీళ్లు ఎంత ప్రశాంతంగా కనిపించినా ఇసుక తీసిన చోట గోతులుంటాయనీ, తెలియని రేవులో పిల్లల్ని స్నానానికి దింపవద్దనీ రచయిత్రి రాసిన మాటలను ప్రతి తల్లీ తండ్రీ చదవాలి.

చూడదగ్గ చోట్ల గురించి రాసిన భాగం క్లుప్తంగా ఉంది. ఉండవల్లి గుహల్లో శయనించిన అనంతపద్మనాభుణ్ని చూడడానికి ఉదయం పూటే వెళ్లమంది. వెంకటపాలెంలో 2022లో ప్రతిష్ఠ జరిగిన తిరుమల తిరుపతి దేవస్థానం వారి వేంకటేశ్వరాలయానికి కరకట్ట మీదుగా పోయే దారి చెప్పింది. పాత అమరావతిలో పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవని గుర్తుచేసింది. కల్నల్ మెకంజీ 1797లో వచ్చి చూసిన స్తూపం రాళ్లలో పెద్ద భాగం చెన్నైకీ లండన్‌కూ చేరాయనీ, ఇక్కడ చూడడానికి మిగిలినవి ఏవేవనీ ముందే చెప్పేసింది. ఎంతో ఊహించుకుని వచ్చిన మనిషి నిరాశపడకుండా ఉండడానికి ఆ మాట ముందే చెప్పడం మంచిదే.

తెలుగులో ఇలాంటి పుస్తకానికి పెద్ద వంశమే ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, మరుసటి సంవత్సరం తిరిగివచ్చారు. దారి పొడుగునా తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసి పంపిన సంగతులే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. సుప్రీం కోర్టులో దుబాసీగా పెద్ద ఉద్యోగం చేసినవాడు, పండితుడు. ఆయన తలచుకుంటే క్షేత్రమాహాత్మ్యాలతో పుస్తకం నింపగలడు. కానీ ప్రతి మజిలీలోనూ ఆయన రాసుకున్నది ఏమిటి? నీళ్లు మంచివా కావా, అంగళ్లున్నాయా లేవా, దిగడానికి చోటుందా, దారి రాళ్లదా ఇసుకదా, ఏటికి పడవ దొరుకుతుందా. తన వెనక వచ్చేవాడు ఇబ్బంది పడకూడదని ఆయన తాపత్రయం. బడిలో ఆ పుస్తకంలోని భాగాలు చెప్పిన రోజుల్లో పిల్లలు వర్ణనలు లేవని పెదవి విరిచేవాళ్లు. ఆ బడిలోనే చదివిన ఒక పిల్ల ఇవాళ అదే పద్ధతిలో తన ఊరి గురించి రాసిందంటే నా ఆనందానికి కారణం వేరే చెప్పనక్కరలేదు.

ఇంకా దగ్గరి వంశం కూడా ఉంది. సచివాలయానికి కూతవేటు దూరంలో, మందడం పక్కన మల్కాపురంలో ఒక శాసన స్తంభం ఉంది. శక సంవత్సరం 1183, అంటే 1261 నాటిది. తన గురువు విశ్వేశ్వర శివాచార్యులకు కాకతీయ రాజు గణపతిదేవుడు ఇచ్చిన మందరం, రుద్రమదేవి ఇచ్చిన వెలంగపూండి గ్రామాల సంగతి అందులో ఉంది. ఆ ఊళ్లే మన మందడం, వెలగపూడి. ఆ ఆదాయంతో ఆయన గుడి, మఠం, విద్యాలయం, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిపించాడు. వేదాలు చెప్పేవారికి, వైద్యుడికి, లెక్కలు రాసే కరణానికి, వంటవారికి, ఊరి కాపలా కాసే వీరభద్రులకు ఎవరికి ఎంత భూమో రాతిమీద చెక్కించాడు. సత్రంలో బ్రాహ్మడు మొదలు చండాలుడి దాకా వచ్చినవారెవరికైనా అన్నం పెట్టాలని రాయించాడు. ఏడున్నర శతాబ్దాలకు పైబడిన ఆ రాతిని చూస్తే నాకు కలిగే ఆలోచన ఒక్కటే. రాజ్యం పేరున కట్టిన ప్రతి కట్టడానికీ పక్కనే, వచ్చిపోయే పరాయి మనిషి కడుపు సంగతి, ఒంటి సంగతి చూసే ఏర్పాటు ఉండాలని ఆ గురువు అనుకున్నాడు. అనుకుని ఊరుకోలేదు, ఎవరు చేయాలో, వాళ్ల బతుకు ఎలా గడవాలో కూడా తేల్చాడు. 2016లో వెలగపూడిలోనే అన్న క్యాంటీన్‌ను మొదట పెట్టి చూశారంటే ఆ నేల స్వభావం ఎక్కడికి పోతుంది!

వచ్చినవాణ్ని ఆదరించడం ఈ ఊళ్లకు కొత్త కాదు. పత్తి తీతకూ మిరప కోతకూ కర్నూలు వైపు నుంచి సంసారాలతో సహా వలస వచ్చినవాళ్లకు పశువుల కొట్టం పక్కన చోటిచ్చి, గిన్నెలిచ్చి, పిల్లలకు పాలుపోసిన ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. రాజధాని కోసం 2019 డిసెంబరు నుంచి 1,600 రోజులకు పైగా సాగిన దీక్షా శిబిరాల్లో కూడా, వచ్చినవారెవరైనా సరే, మా ఆడవాళ్లు ముందు మంచినీళ్లిచ్చి తర్వాతే సంగతి చెప్పారు. ఇప్పుడు భవనాల పనికి బిహార్, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్లు షెడ్లలో ఉంటున్నారు. వాళ్ల కోసం పుస్తకం చివర హిందీ మాటలు తెలుగు లిపిలో రాసిన పుట ఒకటి పెట్టింది రచయిత్రి. మన కొట్టువాళ్లూ ఆటోవాళ్లూ వాళ్లతో మర్యాదగా నాలుగు మాటలు మాట్లాడడానికట. రేషను కార్డు ఏ ఊరిదైనా సరుకులు ఇక్కడ తీసుకోవచ్చన్న సంగతి, పిల్లల్ని ఏ బడిలో చేర్చాలన్న సంగతి కూడా ఆ పుటలోనే ఉన్నాయి. పర్యాటకుల కోసం రాసే పుస్తకాల్లో కూలివాళ్లకు చోటుండదు. ఇందులో ఉంది.

పెద్దవాణ్ని గనుక రెండు సూచనలు చేస్తాను. రాత్రి బస చేసే చోట్ల గురించి రాసింది సరిపోలేదు. డబ్బున్నవాళ్లు విజయవాడలోనో మంగళగిరిలోనో లాడ్జిలో దిగుతారు. లేనివాళ్లు ఎక్కడ పడుకోవాలి? కోర్టు వాయిదా మర్నాటికి పడితే ఆ ముసలి దంపతులు ఏం చేయాలి? ఊళ్లలో గుళ్ల మండపాలున్నాయి, కల్యాణ మంటపాలున్నాయి, ఊరి పెద్దలతో మాట్లాడి ఎక్కడెక్కడ ఒక రాత్రి ఉండనిస్తారో తెలుసుకుని రాయాలి. ఊరివాళ్లు కాదనరని నా నమ్మకం. అడగవలసిన చోట నేనూ వెంట వస్తాను. రెండోది, మల్కాపురం శాసనం దగ్గరికి దారి ఈ పుస్తకంలో లేదు. సచివాలయంలో పని అయ్యేదాకా గంటల తరబడి ఎదురుచూసేవాళ్లు ఆ కాసేపట్లో చూసిరాగలంత దగ్గర. ఆ స్తంభం పైన ఉన్న నందిని, ఒంటినిండా అక్షరాలను చూసివస్తే, మన ఊళ్ల పేర్లు ఎంత పాతవో వాళ్లకు తెలుస్తుంది.

ఆటో కిరాయిలు, బస్సు వేళలు రాసిన చోటల్లా ఏ నెలలో కనుక్కున్నదో పక్కనే వేసింది రచయిత్రి. ఇది మంచి పద్ధతి, నిజాయితీ గల పద్ధతి. ఇక్కడ రోడ్లు నెలనెలా మారుతున్నాయి. నిన్న ఉన్న మలుపు ఇవాళ తవ్వేస్తారు. వెంకటపాలెం దగ్గర నది దాటే పశ్చిమ బైపాస్ వంతెనతో విజయవాడ ఊళ్లోకి పోనక్కరలేకుండా వచ్చే దారి ఏర్పడుతోంది, దానితో లెక్కలన్నీ మళ్లీ మారతాయి. కాబట్టి ఏటేటా కొత్త ముద్రణ తేవాలి. మారిన సంగతులు తెలిసినవాళ్లు రాసి పంపడానికి చివర ఖాళీ పుటలు వదిలింది. ఆటోవాళ్లు, కండక్టర్లు, కోర్టు గుమాస్తాలు, ఇడ్లీ బండ్లవాళ్లు ఆ పుటలు నింపాలని నా మనవి. ధర తక్కువ పెట్టింది, ఇంకా తగ్గించగలిగితే తగ్గించమన్నాను. విజయవాడ, గుంటూరు బస్టాండుల్లో పుస్తకాల కొట్టువాళ్లు దీన్ని వారపత్రికల పక్కనే పెట్టాలి.

ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల కొత్త రైలు మార్గానికి 2024 అక్టోబరులో కేంద్రం ఆమోదం ఇచ్చింది. కృష్ణ మీద మూడు కిలోమీటర్లకు పైగా వంతెన కూడా అందులో ఉంది. ఆ రైలు వచ్చిన నాడు ఈ పుస్తకంలో ఒక కొత్త అధ్యాయం రాయాలి. ఏ స్టేషన్లో దిగితే నేలపాడుకు దగ్గర, ఏ స్టేషన్లో దిగితే గుడికి దగ్గర, ప్లాట్‌ఫారం దిగాక ఆటో ఎటువైపు ఉంటుంది అన్నవి రాయాలి. ఇప్పటి నుంచే రచయిత్రి సర్వే రాళ్లు పాతిన చోట్లన్నీ సైకిలు మీద తిరిగి చూసివస్తోంది.

తుళ్లూరు